ఎలుగుబంటి గీసిన తలుపు

పహాడీ చచ్చిపోయాడని మొన్న శుక్రవారం మధ్యాహ్నం మెస్సులో తెలిసింది. మా నేపాలీ వంటాయన నా ప్లేటులో అన్నం పెడుతూ, "మీ పహాడీ పోయిండట, తెలుసా?" అన్నాడు. ఎప్పుడంటే చలికాలంలో అన్నాడు. ఎట్లా అంటే తెలియదన్నాడు. పహాడీ ఊరివాడెవరో ఫోన్లో ఇంకెవరికో చెప్తే, ఆ మాట చేతులు మారి సౌదీలో ఖమీస్ ముషైత్‌లోని మా క్యాంపు దాకా రావడానికి మూడు నెలలు పట్టింది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు "నడువన్నా" అని తొందరపెట్టారు. పక్కకు జరిగి కూర్చున్నాను. ఉత్త అన్నం నాలుగు ముద్దలు తిన్నాక గాని పప్పు పోయించుకోలేదన్న సంగతి తెలియలేదు.

అతని పేరు ఇక్కడ రాయను. క్యాంపులో పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. హిమాలయాల మనిషి కాబట్టి అందరికీ పహాడీ. నేను మాత్రం భైజీ అనేవాణ్ణి. వాళ్ళ గఢ్వాల్ కొండల్లో అన్నను అట్లా పిలుస్తారని తనే చెప్పాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొట్టి మనిషి. ముఖం నిండా ముడతలున్నా పిక్కలు చూస్తే పాతికేళ్ళవాడివి అనిపించేవి.

మాది మెయింటెనెన్స్ కంపెనీ. అబహా చుట్టుపక్కల కొండ అంచుల్లో ఉన్న పార్కులు, జనం నిలబడి లోయను చూసే చోట్లు, అక్కడి దీపాలు, రెయిలింగులు, మరుగుదొడ్లు మా కిందికి వస్తాయి. నేను ఎలక్ట్రీషియన్ని, జగిత్యాల దగ్గర ఊరు. అతను క్లీనర్. ఢిల్లీలో ఏజెంటు అతనికి "చల్లటి కొండలు, టూరిస్టులు, గైడు పని" అని చెప్పాడట. కొండలు నిజమే, టూరిస్టులూ నిజమే. చేతికి మాత్రం చీపురు వచ్చింది.

అతన్ని మొదటిసారి చూసినరోజు నేను నిచ్చెన భుజాన వేసుకుని ఒక పార్కు మెట్లు ఎక్కుతున్నాను. నూట యాభై మెట్లుంటాయి. సగం దూరానికే ఆయాసం వచ్చి ఆగిపోయాను. వెనకనుంచి ఎవరో అచ్చ తెలుగులో, "వచ్చేసింది అమ్మా, వచ్చేసింది. ఇంకొంచెమే. మెల్లగా," అన్నారు. తిరిగి చూస్తే ఇతను, చేతిలో చీపురు, తలమీద ఉన్ని టోపీ. నన్ను చూసి నవ్వి నిచ్చెన రెండో కొస పట్టుకున్నాడు.

అతనికి వచ్చిన తెలుగంతా అంతే. కేదార్‌నాథ్, తుంగనాథ్ గుడులకు వచ్చే మన యాత్రికుల దగ్గర నేర్చుకున్నది. వాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళే కాబట్టి, తెలుగువాళ్ళను ఎవరినైనా "అమ్మా" అనే పిలవాలని అనుకునేవాడు. నన్నూ అమ్మా అనేవాడు. రెండేళ్ళు ఎంత చెప్పినా మారలేదు. మిగతా మాటంతా హిందీలోనే. నాకు మాత్రం అది నా భాషలోనే గుర్తుంది, అట్లాగే రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళు గైడు పని చేసిన మనిషి. ఆ అలవాట్లు ఒంట్లోంచి పోలేదు. పొద్దున క్యాంపు వ్యాన్ ఎక్కగానే పెదాలు కదుపుతూ మా తలలు లెక్కపెట్టేవాడు. దిగగానే మళ్ళీ లెక్కపెట్టేవాడు. "ఎందుకు భైజీ, ఇక్కడ ఎవరు తప్పిపోతరు?" అని అడిగితే, "తప్పిపోయినోడు నేను తప్పిపోయిన అని చెప్పడు. లెక్కపెడితేనే తెలుస్తది," అనేవాడు.

పార్కుకు వచ్చిన సౌదీ కుటుంబాలు కొండ అంచున నిలబడి ఫోన్లు తీస్తే ఇతను ఊడ్చేది ఆపి వెళ్ళేవాడు. మర్యాదగా ఫోన్ అడిగి తీసుకుని, వీపు వెనక దాచి, లోయ వైపు వేలు చూపించేవాడు. ముందు చూడండి, ఫోటో తర్వాత అని అర్థం. కొందరు నవ్వి చూసేవాళ్ళు, కొందరు కసిరేవాళ్ళు. ఆ సంగతి ఆఫీసు దాకా పోయి, క్లీనర్లు విజిటర్లతో మాట్లాడొద్దని సూపర్‌వైజర్ గట్టిగా చెప్పాడు. నాలుగు రోజులు ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం తిండి తిన్నాక మాకు అరగంట దొరికేది. ఒక జునిపర్ చెట్టు కింద కూర్చుని నన్ను తన కొండలకు తీసుకుపోయేవాడు. రోజూ హరిద్వార్ నుంచే మొదలు. దేవప్రయాగ దగ్గర బండి ఆపేవాడు. అక్కడ పచ్చటి నది ఒకటి, బురద రంగు నది ఒకటి వచ్చి కలుస్తాయి, కొంతదూరం రెండు రంగులూ పక్కపక్కనే పోతాయి. "దిగండి, అయిదు నిమిషాలు," అని ఆగేవాడు. నిజంగానే అయిదు నిమిషాలయ్యాకే మళ్ళీ బండి ఎక్కించేవాడు. తర్వాత ఊఖీమఠ్. మంచు పడే ఆరు నెలలు కేదారనాథుడు కొండ దిగి వచ్చి ఉండే పాత గుడి. ఆ తర్వాత దేవ్‌రియా తాల్ అనే చెరువు. తెల్లారే ముందు గాలి లేనప్పుడు పోతే నాలుగు శిఖరాల చౌఖంబా పర్వతం నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుందట. చివరికి చోప్తా పచ్చిక మీదుగా రాతిబాట ఎక్కి తుంగనాథ్. "పాండవులు కట్టిన్రని అందరికీ చెప్పేటోణ్ణి. ఎవరు కట్టిన్రో నాకేం తెలుసు? కానీ ఆ రాళ్ళను అంత పైకి మోసినోళ్ళు మాత్రం మా అసుంటోళ్ళే. అది నేను చెప్పకపోదును. ఎవరూ అడగకపోదురు."

ఒక్క మాట మాత్రం అతనికి పడేది కాదు. 'పాయింట్'. సన్‌సెట్ పాయింట్, ఎకో పాయింట్, సూసైడ్ పాయింట్. "మా కొండ మీద పాయింట్లు లేకుండె అమ్మా. పేర్లుండె. మా నాయిన గోధుమలు కొట్టిన కల్లం ఉండె, దానికి మా ముత్తవ్వ పేరు. ఇప్పుడు అది సెల్ఫీ పాయింట్. ఇనుప గుండె బొమ్మ పెట్టిన్రు, దాంట్ల తలకాయ పెట్టి దిగుతరు." ఇక్కడ మా పార్కులో కొత్త బోర్డులు పాతినప్పుడు వాటిని తుడిచే పని అతనికే పడింది. తుడిచేవాడు. మళ్ళీ తుడిచేవాడు.

అక్కడ వాళ్ళ కొండల్లో రోడ్డు వెడల్పు చేశాక నడిచేవాళ్ళు తగ్గారు. కేదార్‌నాథ్ గుడికి హెలికాప్టర్లు వచ్చాక ఇంకా తగ్గారు. కింది నుంచి వచ్చినవాళ్ళు పెద్ద హోటళ్ళు పెట్టి, ఇంగ్లిషు వచ్చే కుర్ర గైడ్లను జీతానికి పెట్టుకున్నారు. "నాకు ప్రతి రాయి తెలుసు. వాళ్ళకు ప్రతి రాయికి ఒక కథ తెలుసు. జనానికి కథ కావాలె," అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో తల్లి, తమ్ముడి కుటుంబం ఉన్నారు. రాతిగోడల ఇల్లు, పలక రాళ్ళ కప్పు.

ఆ ఇంటి తలుపు గురించి ఎన్నిసార్లు చెప్పాడో. తాత దేవదారు కలపతో చేసిన తలుపు. చౌకట్టు చుట్టూ తీగలు, పైన గణపతి. ఒక చలికాలం సాయంత్రం తండ్రి ఊళ్ళో లేనప్పుడు ఎలుగుబంటి వచ్చిందట. ఇంట్లో తేనె తెట్టె దించి పెట్టారు, ఆ వాసనకు. తల్లి ఇద్దరు పిల్లలనూ గోధుమల గాదె మీద కూర్చోబెట్టి, తిరగలి రాయి తలుపుకు అడ్డం దొర్లించి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఎలుగు బయటనుంచి గీకుతూనే ఉంది. "మా అమ్మ ఏడ్వలే. దాన్ని తిట్టుకుంట కూసుంది. మా పక్కింటామెను తిట్టినట్టే తిట్టింది. అది ఇనీ ఇనీ ఎల్లిపోయింది." గొళ్ళెం కింద నాలుగు లోతైన గీతలు పడ్డాయి, నాలుగోది మిగతావాటికంటే పొట్టి, వంకర. ఆ కాలి వేలు ఒకటి విరిగి ఉంటుందని అతని లెక్క. చిన్నప్పుడు ఆ గీతల్లో వేళ్ళు పెట్టి ఆడుకునేవాడట. చెప్పేటప్పుడు కుడిచేతి వేళ్ళు గాలిలో ఆ నాలుగు గీతలనూ గీసేవి.

సీజన్ మొదలైన వారం. రియాద్, జెద్దాల్లో ఎండలు మండితే జనమంతా మా కొండలకే వస్తారు. నేను ఒక దీపస్తంభం కింద పెట్టె విప్పి కూర్చున్నాను. పక్కనే తెలుగు వినిపించింది. ఒకాయన, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పలకరించాను. ఆయన జుబైల్‌లో ఏదో ప్లాంటులో ఇంజనీరట, గుంటూరు వైపు వాళ్ళు. అంతలో పిల్లలు మెట్లు దిగబోతుంటే మా పహాడీ ప్రత్యక్షమయ్యాడు. "మెల్లగా అమ్మా, మెల్లగా."

ఆమె మురిసిపోయింది. "అయ్యో, ఈయనకు తెలుగొచ్చే!"

హిమాలయాల మనిషని చెప్పాను. ఆమె ఇంకా సంబరపడి, "మేం పోయిన వేసవిలో చార్‌ధామ్ వెళ్ళాం కదండీ! చోప్తా కూడా చూశాం," అంది. ఆ మాటతో అతని ముఖం వెలిగిపోయింది. చీపురు రెయిలింగుకు ఆనించి వాళ్ళను అంచుకు తీసుకుపోయాడు. కింద లోయలో ఉన్న పాత ఊరిని, రాతి మిద్దెలను చూపించాడు. మధ్యలో తుంగనాథ్ ఎక్కారా, చెరువు చూశారా, పొద్దున్నే పోయారా అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఫోన్ తీసి ఫోటోలు చూపించింది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఒక్కో ఫోటోకూ ఊరి పేరు, మలుపు పేరు చెప్తుంటే పిల్లలు పందెం కట్టినట్టు వేళ్ళతో తోస్తూ పోయారు. ఒక్కటీ తప్పలేదు.

"ఇదిగో, ఇది మేమున్న రిసార్టు. ఎంత బాగుందో తెలుసా, అంతా హెరిటేజే," అందామె.

ఫోటోలో ఆ నలుగురూ ఒక పెద్ద చెక్క తలుపు ముందు నవ్వుతూ నిలబడ్డారు. తలుపుకు వార్నిష్ కొట్టి, పైన చిన్న లైటు పెట్టి ఉంది. అతను వేలితో ఫోటోను పెద్దది చేశాడు. గొళ్ళెం దగ్గర ఆపాడు. నేనూ వంగి చూశాను. నాలుగు గీతలు. నాలుగోది పొట్టి, వంకర.

"మూడొందల ఏళ్ళ నాటి రాజుగారి కోట తలుపట. ఆ దెబ్బలు చూశారా, శత్రువులు దాడి చేసినప్పుడు కత్తులతో నరికినవంట. అక్కడి గైడు చెప్పాడు," అంది ఆమె.

"ఎలుగుబంటి, అమ్మా," అన్నాడు హిందీలో. "అది మా ఇంటి తలుపు."

ఆమె భర్త వైపు చూసింది. భర్త నా వైపు చూశాడు. "ఏమంటున్నాడు బ్రదర్?"

చెప్పాను. ఆయన మెత్తగా నవ్వాడు. చెడ్డవాడు కాదు. "పాపం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు. ఇక్కడ చాలామందికి అలాగే అవుతుంది," అన్నాడు. నేను అప్పుడు గట్టిగా చెప్పాల్సింది. సార్, నిజం, ఈ గీతల సంగతి నాకు రెండేళ్ళుగా తెలుసు అని చెప్పాల్సింది. వాళ్ళు కారు వైపు కదులుతున్నారు, నేను స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. ఆమె వెనక్కి వచ్చి నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. "పులిహోర మిగిలింది. ఇద్దరూ తినండి."

అతను వాళ్ళ వెంట కారు దాకా వెళ్ళి, తలుపు తీసి పట్టుకుని, నలుగురూ ఎక్కారో లేదో లెక్కపెట్టి, నమస్కారం పెట్టి వచ్చాడు. చీపురు అందుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ఇంగువ వాసన గుప్పుమంది. అతను వద్దన్నాడు. రెండేళ్ళ తర్వాత దొరికిన పులిహోర, మొత్తం నేనే తిన్నాను. ఆ సాయంత్రం వ్యాన్ ఎక్కి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తలలు లెక్కపెట్టలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి కనుక్కున్నది మర్నాడు నాకు చెప్పాడు. ఎక్కడో కొండ కింద సొరంగం తవ్వుతున్నారు. ఆ అదురుకు ఊళ్ళో సగం ఇళ్ళు పగుళ్ళు పట్టాయి. ఖాళీ చేయమని గోడకు కాగితం అంటించి పోయారు. తమ్ముడు భార్యాపిల్లలతో కింద బజారులో అద్దెకు దిగాడు. రిసార్టు వాళ్ళు ఊరంతా తిరిగి పాత చెక్కసామాను కొంటుంటే, ఎట్లాగూ కూలే ఇల్లే కదా అని తలుపు చౌకట్టుతో సహా ఊడదీసి ఇచ్చేశాడు. తల్లి మాత్రం దిగి రానంది. దర్వాజా ఉండాల్సిన చోట రేకు కట్టుకుని ఒక్కతే ఉంటోంది. ఏడాది పైనుంచి.

"నాకెందుకు చెప్పలే అంటే, చెప్తే నువ్వు వీసా ఇడిసిపెట్టి ఉరికొస్తవని అంటుండు," అన్నాడు. "ఉరికిపోయేటోణ్ణే. ఆమె నా మాట ఒక్కటే ఇంటది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే దిగుతది. వానలు మొదలు కాకముందే పోవాలె."

ఆ రోజే ఊరికి పోవడానికి ఛుట్టి అడిగాడు. మా సూపర్‌వైజర్ కోనసీమ మనిషి, తెలుగువాడే. అప్పటికే నా ఛుట్టి కాగితం ఆయన బల్ల మీద ఉంది. సీజన్లో ఒక్కరిని మించి వదలడానికి లేదు. రెండు రోజుల తర్వాత స్టోరు రూములో నేను వైరు చుట్టలు లెక్కచూస్తుంటే ఆయన టీ కప్పుతో లోపలికి వచ్చాడు.

"ఏమయ్యా, ఆ పహాడీవోడు మీద పడి ఏడుస్తున్నాడు. పంపిస్తే మళ్ళీ వస్తాడంటావా? రాకపోతే పైవాళ్ళు నన్ను తినేస్తారు. నీతోనే కదా తిరుగుతాడు, ఉన్నది చెప్పు."

తెలియదు సార్ అనొచ్చు. వస్తడు సార్ అని అబద్ధమైనా ఆడొచ్చు. నేను చుట్ట కింద పెట్టి, "రాడు సార్," అన్నాను.

అది నిజం. అతను పోతే మళ్ళీ రాడని నాకు బాగా తెలుసు. కానీ నిజం కాబట్టి చెప్పలేదు. నా కాగితం ఆ బల్ల మీద ఉంది కాబట్టి చెప్పాను.

"అయితే నువ్వెళ్ళిరా. వాడి సంగతి తర్వాత చూద్దాం," అన్నాడాయన.

నలభై అయిదు రోజులు ఊళ్ళో ఉన్నాను. అక్కడ కూడా వానలే. ఒకరోజు టీవీలో హిమాలయాల్లో విరిగిపడ్డ కొండచరియలు చూపిస్తున్నారు. ఏ ఊరో పేరు వచ్చేలోపు లేచి బయటికి పోయాను. భైజీకి ఫోన్ చేయలేదు.

తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక మధ్యాహ్నం అతను రెయిలింగులకు రంగు వేస్తున్నప్పుడు ఫోన్ వచ్చిందట. కొండ జారింది. పై వరుసలో ఇళ్ళన్నీ ఖాళీవే కాబట్టి ప్రాణనష్టం పెద్దగా లేదని చెప్పారు. ఒక్క ముసలామె అన్నారు. తమ్ముడు మూడో రోజు దహనం చేశాడు. కంపెనీ అప్పుడు ఛుట్టి ఇస్తానంది. అతను ఛుట్టి వద్దు, ఖురూజ్ కావాలన్నాడు. అంటే మళ్ళీ రాకుండా పోయే చివరి కాగితం. అది చేతికి వచ్చి, విమానం ఇంకో నాలుగు గంటల్లో ఉందనగా నేను క్యాంపులో దిగాను.

గదిలో మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఒకటే సంచి. అమ్మ సంగతి విన్నానని చెప్పాను. తల ఊపాడు. ఎదుటి మంచం మీద కూర్చున్నాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట.

"భైజీ, నీ ఛుట్టి గురించి సార్ నన్ను అడిగిండు. అప్పుడు నేను..."

"తెలుసు," అన్నాడు. తాడు ముడి వేస్తూనే ఉన్నాడు. "ఆ రోజే చెప్పిండు సార్. 'నీ దోస్తే రాడంటుండు, నేనేం చేయాలె' అన్నడు."

ఆ రోజే. అంటే నేను ఊరికి పోకముందే. నేను పోయేనాడు నా అట్టపెట్టెకు తాడు కట్టింది అతనే. కంచరగాడిద మీద బరువు ఊడకుండా వేసే ముడి అని చెప్పి, రెండుసార్లు లాగి చూసి, వ్యాన్ దాకా మోసుకొచ్చాడు. అన్నీ తెలిసే మోశాడు.

"మరి నన్నెందుకు అడగలే?" అన్నాను.

రెండో బూటు కట్టడం అయ్యాక తలెత్తాడు. "అడిగితే నువ్వు కారణం చెప్తవు. మంచి కారణమే అయ్యుంటది. నువ్వు చెడ్డోనివి కాదు. ఇన్నాక నాకు నీ మీద కోపం పోతది. అమ్మ పోయింది, ఇల్లు పోయింది. ఇప్పుడు నాకు ఆ కోపం ఒక్కటే ఉన్నది. దాన్ని నీకియ్య."

నేను నోరు తెరిచాను. అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు, రోడ్డు మీద బండిని ఆపినట్టు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. బయట వ్యాన్ హారను కొట్టింది. సంచి అందుకోబోతే పక్కకు జరిపి, నా మంచాన్ని చుట్టి నడిచి పోయాడు. తర్వాత నేను చేసిన ఏ ఫోనూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆ నంబరు పనిచేయడం మానేసింది.

నా దగ్గర ఒక కారణం ఉంది. మంచిదే. అతను అనుకున్నట్టే, వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది. నా భార్యకు చెప్తే నీ తప్పేముంది అంటుంది. వంటాయనకు చెప్తే నా భుజం తడతాడు. ఇక్కడ రాస్తే చదివేవాళ్ళు కూడా అదే అంటారని తెలుసు. అందుకే రాయడం లేదు.